పొరుగు పాలవెల్లి

గడచిన అధ్యాయమున మన పాలవెల్లిని గూర్చి చెప్పుకొంటిమి. వినాయకచవితినాడు కోనసీమ యిండ్లలో విఘ్నేశ్వరుని శిరస్సుపై వ్రేలాడగట్టి, వెలగకాయలను, మొక్కజొన్న పొత్తులను, మామిడాకులను అలంకరించెడు ఆ కొయ్య చట్రమునకు మన పెద్దలు ఏ పేరు పెట్టిరో, ఆకాశమున అడ్డముగా పరచుకొన్న ఆ తెల్లని చారకును ఆ పేరే పెట్టిరి. అయితే పాలవెల్లి లోపలనే నివసించు మనకు దాని సమగ్రరూపము ఎన్నటికిని గోచరింపదు. గదిలో కూర్చున్నవాడు తన యింటి కప్పు ఏ తీరున నున్నదో చూడజాలడు కదా. పొరుగింటి కప్పు మాత్రము మన పెరటిలో నిలిచినను చక్కగా కనిపించును. ఖగోళశాస్త్రజ్ఞులు ఆండ్రోమెడా గెలాక్సీపై నూఱేండ్లుగా ఇంత మక్కువ చూపుటకు ప్రథమ కారణమిదియే.

ఆ పొరుగిల్లు ఏ యంత్రసహాయమును లేక మన కంటికే కనిపించునని చాలమంది యెఱుగరు. అమలాపురము 16.6 అంశల ఉత్తర అక్షాంశమున నున్నది. కార్తిక బహుళమున, అనగా ఇంచుమించు నవంబరు నడుమ, రాత్రి తొమ్మిది గంటలకు ఆరుబయట నిలిచి నడినెత్తికి చూచినచో, నాలుగు నక్షత్రములు మంచపు కోళ్ళవలె చతురస్రముగా అమరియుండును. పంచాంగమున మనము నిత్యము చదువుకొను పూర్వాభాద్ర, ఉత్తరాభాద్రలు ఇవియే. పడమటి కోళ్ళు రెండును పూర్వాభాద్ర, తూర్పు కోళ్ళు రెండును ఉత్తరాభాద్ర. ఈ మంచము యొక్క దక్షిణపు అంచు కోనసీమవారికి దాదాపు సరిగా నడినెత్తిమీదుగా సాగిపోవుట యొక విశేషము. ఈశాన్యపు కోటినుండి అదే దిక్కున సాగి, రెండవ నక్షత్రము కడ ఆగి, అచ్చటనుండి ధ్రువుని వైపునకు మరలి, రెండు మసక చుక్కలను దాటినచో, ఆ రెండవదాని చెంతనే పొగచూరినట్టి యొక చిన్న మచ్చ కనిపించును. అది క్షితిజమునుండి 65 అంశల యెత్తున నుండుటచేత కొబ్బరి తలలు దానికి అడ్డురావు, అడ్డువచ్చునది వీథిదీపమే.

నేను దానిని మొదటిసారి చూచినది 1996 నవంబరులో. ఆ నెల 6వ తేదీ రాత్రి కోనసీమపై విరుచుకుపడిన తుపాను ఎన్ని ప్రాణములను బలిగొన్నదో, ఎన్ని కుటుంబములకు నిలువనీడ లేకుండ చేసినదో చూచినవారు నేటికిని తలచుకొని కన్నీరు పెట్టుదురు. విద్యుత్ స్తంభములు నేలకొరగినవి. నాలుగు నాళ్ళకు దీపావళి అమావాస్య వచ్చెను. మా వీథిలో ఆ రాత్రి గుమ్మమునకొక ప్రమిద తప్ప వేఱు వెలుగు లేదు. బాణసంచా మాట పిల్లలు సైతము ఎత్తలేదు. పెరటి చెట్లలో సగము కూలిపోవుటచేత, పుట్టి బుద్ధియెఱిగిన నాటినుండి మేమెన్నడును చూడనంత ఆకాశము మా యింటిపై తెరచుకొన్నది. చెట్లు పోయిన దుఃఖముతో తలయెత్తి చూచుచున్న నాకు మా మేనమామ ఆ మచ్చను చూపెను. “మబ్బు కదా మావయ్యా?” అంటిని. “మబ్బయితే కదలదటరా? గంట నుంచి చూస్తున్నాను, ఆ చుక్క పక్కనే ఉంది. దాంతోపాటే పడమటికి వాలుతోంది,” అనెను. ఆయన వేఱేమియు వివరింపలేదు. ఆ మచ్చ నక్షత్రములతోడిది గాని మేఘములతోడిది గాదని గ్రహించుటకు ఆ యొక్క మాట చాలెను.

పారశీక జ్యోతిర్విదుడు అల్ సూఫీ సుమారు 964లో తన నక్షత్ర గ్రంథమున దీనిని ఒక చిన్న మేఘముగానే గుర్తించెను. 1612లో దూరదర్శినితో చూచిన సైమన్ మారియస్‌కు, పలుచని కొమ్ముపలక వెనుక రాత్రివేళ వెలుగు కొవ్వొత్తివలె తోచెను. ఫ్రెంచివాడగు మెస్సియర్ 1764లో దీనిని తన పట్టికయందు 31వదిగా చేర్చెను. అటుపిమ్మట నూటయేబది సంవత్సరముల పైబడి పండితులను వేధించిన ప్రశ్న యొక్కటే: ఈ మేఘము మన పాలవెల్లిలోనిదా, దానికి వెలుపలిదా? ప్రశ్న స్వరూపము గురించినదివలె కనబడుచున్నను, నిజమునకు దూరము గురించినది. దూరము తెలియనిదే అది దగ్గఱనున్న చిన్న పొగయో, దూరముననున్న మహాప్రపంచమో నిర్ణయించుటకు వీలులేదు.

కార్తికపౌర్ణమినాడు గౌతమీరేవున అరటిదొప్పలలో వదలిన దీపములను తలచుకొనుడు. అన్నియు ఒకే కొలత వత్తులతో వెలిగించినవైనచో, ఏది మినుకుమినుకుమనుచున్నదో అది దూరముగా పోయినదని మనము చూపుతోనే చెప్పగలము. దూరము రెట్టింపైనచో వెలుగు నాల్గవ వంతగును, మూడురెట్లైనచో తొమ్మిదవ వంతగును. నక్షత్రములతోడి చిక్కేమన, వాని వత్తులు ఒకే కొలతవి కావు. కాని సెఫీడ్లను కొన్ని నక్షత్రములు, ఒక నియతకాలమున వెలుగు పెంచుకొనుచు తగ్గించుకొనుచు నుండును. అమెరికాలో హార్వర్డ్ వేధశాలయందు గాజు పలకలపై నక్షత్రముల వెలుగు కొలుచు పనిలోనుండిన హెన్రియెటా లీవిట్, చిన్న మెగెల్లనిక్ మేఘమునందలి 25 సెఫీడ్లను పరీక్షించి, ఆవర్తనకాలము దీర్ఘమైనకొలది నక్షత్రము సహజకాంతి అధికమగునని 1912లో వెల్లడించెను. అనగా దీపము ఎంత తడవున కొకమాఱు ఉజ్జ్వలమగునో కనిపెట్టినచో వత్తి కొలత తెలిసిపోవును. వత్తి కొలత తెలిసినపిమ్మట దూరము లెక్కకు వచ్చును. ఆమె సాధించిన యీ సూత్రమునకు జీవితకాలమున తగినంత గౌరవము లభింపలేదని నేను నమ్ముచున్నాను.

1923 అక్టోబరు 5, 6 తేదీల నడిమి రాత్రి మౌంట్ విల్సన్‌పైని నూఱు అంగుళముల దూరదర్శినితో ఎడ్విన్ హబుల్ ఆండ్రోమెడాను ఛాయాచిత్రము తీసెను. పలకపై క్రొత్తగా కనిపించిన చుక్కలను నోవాలుగా, అనగా హఠాత్తుగా వెలుగు పెంచుకొను నక్షత్రములుగా, భావించి ఇంగ్లీషు ‘ఎన్’ అక్షరముతో గుర్తించిన ఆయన, పాత పలకలతో పోల్చి చూచి, వానిలో నొకటి వెలుగు మాఱుచున్న నక్షత్రమని గ్రహించి, ఆ అక్షరమును కొట్టివేసి, ‘వార్’ అని వ్రాసి ఆశ్చర్యార్థక చిహ్నము పెట్టెను. దాని ఆవర్తనకాలము 31 దినములకు పైచిలుకు. లీవిట్ సూత్రముచే వచ్చిన దూరము సుమారు 9 లక్షల కాంతి సంవత్సరములు. అది పాలవెల్లి హద్దులకు ఎంతయో ఆవల. ఒక్క చుక్కతో విశ్వము పరిమాణము మాఱిపోయెను.

నేటి లెక్క 25 లక్షల కాంతి సంవత్సరములు. హబుల్ లెక్క తక్కువగుటకు గల హేతువును కనిపెట్టినవాడు వాల్టర్ బాడే. జర్మనీ పౌరుడగుటచేత ఆయనను రెండవ ప్రపంచయుద్ధకాలపు పనులలోనికి తీసికొనక మౌంట్ విల్సన్ కొండపైననే వదలివేసిరి. అదే కాలమున విమానదాడుల భయముచే కొండ దిగువనున్న లాస్ ఏంజెలిస్ దీపములు మరుగుపఱుపబడెను. ఆ చీకటిలో ఆయన ఆండ్రోమెడా నడిమి ముద్దను తొలిసారి విడివిడి నక్షత్రములుగా పలకలపై పట్టి, నక్షత్రములలో వృద్ధజాతి, యువజాతి అని రెండు తెగలు కలవని 1944లో ప్రకటించెను. సెఫీడ్లును రెండు తెగలని తేలుటతో 1952లో విశ్వదూరములన్నియు ఇంచుమించు రెట్టింపైనవి. ఈ వృత్తాంతము చదివినప్పుడెల్ల ఆ తుపాను తరువాతి అమావాస్య నా కన్నుల ముందు నిలుచును.

మన తెలుగునాటను ఆ కాలమున గాజు పలకలు లేకపోలేదు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ హైదరాబాదున నెలకొల్పిన నిజామియా వేధశాల, ఆకాశమునంతటిని పంచుకొని చిత్రించుటకు పలుదేశముల వేధశాలలు పూనిన మహోద్యమమున పాలుగొని, ఎనిమిది అంగుళముల ఆస్ట్రోగ్రాఫ్‌తో ఏండ్లకేండ్లు నక్షత్రముల స్థానములను కొలిచినది. దానికి తొలుత ఖగోళమధ్యరేఖకు దక్షిణమున 17 నుండి 23 అంశల వఱకును, పిమ్మట ఉత్తరమున 36 నుండి 39 అంశల వఱకును గల క్షేత్రములు పాలువచ్చినవి. ఆండ్రోమెడా కేంద్రము 41 అంశలకు పైగా నున్నది. నిజామియా వంతు అంచునుండి పున్నమి చంద్రబింబములను నాలుగైదింటిని వరుసగా పేర్చినంత దూరము! అచ్చటి భాగము ఫిన్లండునందలి హెల్సింకి వేధశాల వంతులోనిది. ఆ పట్టికలను చూచునపుడు నాకు కలుగు చిన్న విచారమును దాచుకొనలేను.

ఇక అంతరిక్షమునుండి తీసిన చిత్రముల మాట. 1990 ఏప్రిల్ 24న ప్రయాణమైన హబుల్ దూరదర్శిని అద్దము వ్యాసము 2.4 మీటర్లే, భూమిపై దానికంటె పెద్దవి అనేకము గలవు. దాని బలము అద్దమునందు గాక, నెలకొన్న స్థానమునందున్నది. గాలి కదలికచే నక్షత్రకాంతి వణకుట అక్కడ లేదు. 2010 నుండి 2013 వఱకు ఆండ్రోమెడాలో సుమారు మూడవ వంతును అది 411 గుఱులుగా విభజించి చిత్రించెను. వానిని అతికి కూర్చిన పటము 2015 జనవరిలో వెలువడెను. నిడివి 69,536 పిక్సెళ్ళు, వెడల్పు 22,230. అనగా 150 కోట్ల చుక్కల ముగ్గు. మిగిలిన దక్షిణార్ధమును గూడ చేర్చి, పదియేండ్లకు పైబడిన కృషితో, హబుల్ వేయికి మించిన ప్రదక్షిణములలో తీసిన ఆఱువందల పైచిలుకు ముక్కలను కలిపి 250 కోట్ల పిక్సెళ్ళ సంపూర్ణ పటమును 2025 జనవరిలో విడుదల చేసిరి.

మొదటి పటమును రాజోలులో ఒక మిత్రుని యింట కంప్యూటరుపై ఒక రాత్రియంతయు చూచితిని. తెరపై పటము పూర్తిగా ఇమిడినపుడు అది పాలమీగడ ఆరవేసినట్లుండును. ఎడమ దిక్కున పసుపుపచ్చని ముద్ద, కుడికి పోనుపోను నీలి చాయ, నడుమ మసిగుడ్డతో తుడిచినట్టి నల్లని చారలు. పెద్దది చేయనారంభించితిమి. జొన్నాడనుండి గౌతమీ వంతెనమీదుగా వచ్చు బాటసారికి కోనసీమ మొదట ఏటి ఆవల సాగిన నల్లని గీత; రావులపాలెము చేరుసరికి ఆ గీత పచ్చని గోడ; కొత్తపేట త్రోవ పట్టినపిమ్మటనే ఒక్కొక్క కొబ్బరిచెట్టు తన మొవ్వుతో, గెలలతో వేఱువేఱుగా కనిపించును. తెరపైనను అట్లే జరిగెను. మీగడ విరిగి ఇసుకయైనది. ఇసుక విడివడి, నల్లని నేలపై లెక్కకు మిక్కిలియైన చుక్కలైనది. మా కనులకు పొగయై తోచినదంతయు నక్షత్రములే!

అప్పుడు మా దృష్టి కొన్ని పెద్ద నక్షత్రములపై పడినది. వానికి నాలుగు దిక్కుల సన్నని ముండ్లవంటి కిరణములున్నవి. పటమునకెల్ల అవియే ప్రకాశవంతములు. కాని ఆండ్రోమెడాకు చెందినవి కావు! మన పాలవెల్లిలోనివే. దూరదర్శినిలోని రెండవ అద్దమును పట్టియుంచు కమ్మీలచే వాని కాంతికి ఆ ముండ్లు పుట్టినవి. ఏటి ఆవలి గట్టును చూడబోయినవానికి తన పెరటి కొబ్బరాకులు అడ్డముగా ఊగినట్లు, ఏ పొరుగు గెలాక్సీని చూచినను ముందుగా మన యింటి చుక్కలను దాటియే చూడవలెను.

నీలిచాయ దట్టముగానున్న చోట్ల చుక్కలు గుత్తులుగా కూడియున్నవి. అవి ఇటీవల పుట్టిన నక్షత్రకుటుంబములు. వీనిని వెదకుటకు శాస్త్రజ్ఞులు ప్రజల సాయము కోరగా, ఇంచుమించు 30 వేలమంది స్వచ్ఛందముగా చిత్రములను పరిశీలించి సహకరింపగా, 2,753 గుత్తుల పట్టిక సిద్ధమైనది. నల్లని చారలు శూన్యములు కావు. అవి ధూళి, రాబోవు నక్షత్రములకు బీజస్థానములు. పసుపు ముద్దయందు నివసించునవి వృద్ధ నక్షత్రములు. ఈ రంగులు చిత్రకారుని కల్పనలని కొందఱందురు, అది సరికాదు. హబుల్ పరికరము వర్ణమును గ్రహింపదు, ఒక్కొక్క గాజు వడపోతగుండా వచ్చిన వెలుగు పరిమాణమునే గ్రహించును. కూర్చువారు పొట్టి తరంగములకు నీలిని, పొడుగు తరంగములకు ఎఱ్ఱనను కేటాయింతురు. నీలి చుక్క నిజముగా వేడి యెక్కువైనది. ఎఱ్ఱని చుక్క చల్లనిది, లేదా ధూళి చాటునున్నది. రంగును చదువనేర్చినవానికి పటము గ్రంథమగును.

అంతకంటె ముఖ్యముగా, పటమున లేనిదానిని చదువవలెను. ఆ పటముపై ఒక్కొక్క పిక్సెల్ స్థూలముగా ఒక కాంతి సంవత్సరమునకు కొంచెము లోపు. మన సూర్యునికిని, వానికి అతిసమీపమున నున్న నక్షత్రమునకును నడుమ గల దూరము అచ్చట ఐదు పిక్సెళ్ళే. 2025 నాటి సంపూర్ణ పటమున విడివిడిగా గుర్తింపబడినవి 20 కోట్ల నక్షత్రములు. అవియన్నియు మన సూర్యునికంటె కాంతిమంతములైనవే. ఆండ్రోమెడా మొత్తము జనాభా లక్ష కోట్లని అంచనా. అనగా మనుష్యుడు తీసిన యీ ఘనమైన చిత్రమున ఐదువేలకు ఒక్క నక్షత్రము మాత్రమే మొగము చూపినది. సూర్యునివంటి సామాన్యుడు ఆ గెలాక్సీలో కోట్లకొలదిగా నుండియు, పటమున ఒక్కడైనను చుక్కగా నిలువడు. నాకు అన్నిటికంటె లోతుగా నాటుకొన్నది పిదప తెలిసిన యీ లెక్కయే.

ఆండ్రోమెడాను అంతరిక్షమునుండి చూచినది హబుల్ ఒక్కటే కాదు. 2015 సెప్టెంబరు 28న, ఉదయము పది గంటలకు, మన శ్రీహరికోటనుండి పి.ఎస్.ఎల్.వి. సి-30 రాకెట్టు ఆస్ట్రోశాట్ అను ఖగోళ ఉపగ్రహమును సుమారు 650 కిలోమీటర్ల యెత్తునకు చేర్చెను. అతినీలలోహిత కిరణములకై దానిలో అమర్చిన జంట దూరదర్శినుల అద్దములు 38 సెంటీమీటర్లకు మించవు. హబుల్ అద్దము ముందు అవి చిన్నవి. కాని వాని చూపు విశాలము. హబుల్ కెమెరా వందలకొలది ముక్కలుగా చూడవలసినదానిని ఇవి ఒక్కొక్కమాఱు చంద్రబింబమునకు మించని వృత్తమును చూచుచు, పందొమ్మిది వృత్తములలో చుట్టివచ్చినవి. అతినీలలోహిత కిరణములలో అధికభాగమును మన ఓజోను పొర అడ్డగించుటచేత, భూమిపై నెంత పెద్ద అద్దము నిలిపినను ఈ దృశ్యము దొరకదు. ఈ వెలుగులో ఆండ్రోమెడా రూపమే మాఱును: పసుపు ముద్ద ప్రాభవము తగ్గి, నవజాత నక్షత్రములు క్రిక్కిఱిసిన వలయములు ముత్యాల హారములవలె ప్రస్ఫుటమగును. వృద్ధులకే నిలయమనుకొన్న నడిమి ముద్దలో సైతము వేడి యువనక్షత్రములు కొన్ని కలవని ఈ చిత్రములను శోధించిన శాస్త్రజ్ఞులు తెలిపిరి. బెంగళూరు భారత ఖగోళభౌతిక సంస్థవారు ఇదే సేకరణను జల్లెడపట్టి 42 నోవాలను గుర్తించిరి. వానిలో నాలుగు సరిగా విస్ఫోటవేళనే పట్టుబడినవి. ఎడ్విన్ హబుల్ 1923లో పలకపై ఏ నోవాలకై వెదకెనో, ఆ జాతివే ఇవి.

నిజామియా పలకలు ఆగిపోయిన ఆ రెండంశల దూరమును తెలుగు తీరమునుండి బయలుదేరిన యొక దూరదర్శిని దాటినదని చెప్పుకొనుటలో అతిశయోక్తి లేదు.

ఆండ్రోమెడా కాంతి ప్రయాణమును మన నేలతో కొలిచి చూతము. గోదావరి తెచ్చిన ఒండ్రుతో నేటి కోనసీమ డెల్టా రూపుదిద్దుకొన్నది గడచిన కొన్ని వేల యేండ్లలోనే. ఏడువేల యేండ్లనుకొన్నను, నేడు మన కంట పడుచున్న ఆండ్రోమెడా కాంతి అప్పటికే తన త్రోవలో వేయింట తొమ్మిదివందల తొంబదియేడు పాళ్ళు నడచి వచ్చినది. అమలాపురమున్నచోట అలలాడునాటికే అది మన గుమ్మముకడకు వచ్చియుండెను. గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయలు ఈ లంకలను పేర్చుచుండగా, అది మిగిలిన మూడు పాళ్ళను నడచుచున్నది.

ఆండ్రోమెడా ఉత్తరమునకు పొరుగు. దక్షిణమున మనకు మఱింత దగ్గఱి పొరుగున్నది: 1,60,000 కాంతి సంవత్సరముల దూరమున పెద్ద మెగెల్లనిక్ మేఘము. దానిలోని టరాంట్యులా నీహారికను వెబ్ అంతరిక్ష దూరదర్శిని చిత్రింపగా, 340 కాంతి సంవత్సరముల వెడల్పుగల ఆ దృశ్యము 2022 సెప్టెంబరులో వెలువడి, ధూళితెరల వెనుక ఇదివఱకెన్నడును కానరాని వేలకొలది శిశునక్షత్రములను చూపినది. కోనసీమవారికి ఈ మేఘము అసాధ్యము కాదు గాని బహుకష్టసాధ్యము. అంతర్వేదిలో అది ఎంత పైకి వచ్చినను సముద్రమునకు నాలుగంశల యెత్తే. చాచిన చేతికి రెండు మూడు వ్రేళ్ళ మందము.

సప్తసాగర యాత్రికులు బయలుదేరు చొల్లంగి అమావాస్యనాటి రాత్రి, తొమ్మిది గంటల వేళ, వసిష్ఠ సంగమము చెంత ఇసుకపై దక్షిణాభిముఖుడనై నిలిచితిని. అగస్త్యుడను నక్షత్రము నిశ్చలముగా వెలుగుచుండెను. అతనికి దిగువను, కొంచెము పడమరగాను బైనాక్యులర్సు ఆనించి చాలసేపు చూచితిని. నీటి ఆవిరి తెరవలె లేచియున్నది; దాని క్రింద వేటపడవల దీపములు రెండు, ఒకటి ఎఱ్ఱనిది, ఒకటి తెల్లనిది. మేఘము కనబడలేదు. అది ఏ చోట నుండవలెనో ఆ చోటును మాత్రము, ఆ రెండు దీపములకు రెండు వ్రేళ్ళ పైగా, గుర్తుపెట్టుకొని వచ్చితిని.